ఇజాబ్, ఖబూల్: ఒప్పందపు తొలి పాఠం వెనుక ఉన్న చరిత్ర

మన తెలుగు ముస్లిముల ఇళ్ళలో 'ఇజాబ్', 'ఖబూల్' అనే మాటలు నికాహ్ సభలో తప్ప మరెక్కడా వినబడవు. ఖాజీ అడుగుతాడు, పెండ్లికుమారుడు 'ఖబూల్' అంటాడు, ఖర్జూరాలు పంచుతారు. ఆ తరువాత ఆ మాటతో పనిలేదు. కాని ఫిఖ్హ్ గ్రంథాలలో ఈ రెండు మాటలను అన్నిటికంటె విస్తారంగా చర్చించింది వివాహ ప్రకరణంలో కాదు, 'కితాబుల్ బుయూ' అనే క్రయవిక్రయాల ప్రకరణంలో. 1886లో అలహాబాదు హైకోర్టులో అబ్దుల్ ఖాదిర్, సలీమాల వ్యాజ్యాన్ని విచారించినప్పుడు న్యాయమూర్తి సయ్యద్ మహమూద్, ముస్లిం వివాహం స్వభావ రీత్యా పౌర ఒప్పందమని చెబుతూ మహర్‌ను అర్థం చేసుకోవడానికి క్రయవిక్రయ సూత్రాలను ఆశ్రయించారు. ఆ పోలిక కొందరికి రుచించలేదు. అయినా హనఫీ గ్రంథాల పద్ధతి ఎరిగినవారికి అందులో వింత ఏమీ లేదు.

ఇక వాణిజ్య న్యాయశాస్త్రం చదివే విద్యార్థి సంగతి చూద్దాం. అతడు మొదటి సంవత్సరంలోనే 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం తెరుస్తాడు. ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం, అర్హత, స్వేచ్ఛాసమ్మతి అని వరుసగా నేర్చుకుంటాడు. వాటికి ఉదాహరణలన్నీ లండను న్యాయస్థానాల నుంచి వస్తాయి. 1872కు ముందు ఈ దేశంలో ఒప్పందాలకు శాస్త్రమే లేదేమో, బజారులో ఎవరి నోటిమాట వారిదేనేమో అనే భావం అతనికి తెలియకుండానే ఏర్పడుతుంది. ఈ భావం సరైనది కాదు. కలకత్తా సుప్రీంకోర్టు అధికారాలను సవరిస్తూ బ్రిటిష్ పార్లమెంటు 1781లో చేసిన చట్టపు 17వ సెక్షను, వారసత్వ విషయాలతోపాటు ఒప్పందాలు, పరస్పర వ్యవహారాలన్నిటిలోనూ ముస్లిములకు ముస్లిముల ధర్మశాస్త్రాన్నీ ఆచారాలనూ, హిందువులకు హిందువుల ధర్మశాస్త్రాన్నీ ఆచారాలనూ వర్తింపజేయాలని నిర్దేశించింది. ఇరుపక్షాలలో ఒకరే ఆ మతంవారైతే ప్రతివాది ధర్మశాస్త్రం వర్తిస్తుంది. 1797లో మరొక చట్టం ద్వారా ఇదే ఏర్పాటు మదరాసు, బొంబాయి నగరాలకూ వచ్చింది. అంటే ఈ నగరాలలో ముస్లిం వర్తకునిపై వచ్చిన దావాలో ఒప్పందం కుదిరిందా లేదా అన్న ప్రశ్నకు జవాబు హిదాయాలో వెదకవలసిందేనని సుమారు తొంబై ఏళ్ళు చట్టమే చెప్పింది. ఆ జవాబు ఎలాంటిదో తెలిస్తే తప్ప 1872లో మారిందేమిటో బోధపడదు.

అరబ్బీలో 'అఖ్ద్' అంటే ముడి. దాని బహువచనం 'ఉఖూద్'. సూరా మాయిదా తొలి ఆయతులో విశ్వాసులు నెరవేర్చవలసినవిగా పేర్కొన్నవి ఈ ఉఖూదులే. ఇద్దరి మాటలు ఒకదానితో ఒకటి ముడిపడి, ఆ ముడి ఫలితం వస్తువుపై కనబడితే అది అఖ్ద్ అని ఫుఖహాలు నిర్వచించారు. ముందు వచ్చిన మాట ఇజాబ్, దానికి జవాబుగా వచ్చినది ఖబూల్. ఇది హనఫీల పద్ధతి. అమ్మేవాడు మొదలుపెట్టినా, కొనేవాడు మొదలుపెట్టినా ముందు పలికినవాని మాటే ఇజాబ్. తక్కిన మూడు మజ్‌హబ్‌లలో అలా కాదు. వస్తువు ఎవరి స్వాధీనంలో నుంచి వెళుతున్నదో అతని మాట ఎప్పుడు వచ్చినా ఇజాబే. 1872 నాటి చట్టం ప్రతిపాదనను నిర్వచించిన తీరు ఈ విషయంలో హనఫీలకు దగ్గరగా ఉన్నది. ఒకరి నుంచి మరొకరు తీసుకున్నారని నేను అనను. బజారులో బేరం జరిగే తీరు కూఫాలోనూ లండనులోనూ ఒకటే కావడం వల్ల ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చి ఉంటుంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) కూఫాలో పట్టుబట్టల వర్తకులన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది.

మాటల రూపం గురించి వారు పడిన శ్రమ చూస్తే మొదట కొంచెం నవ్వు వస్తుంది. ఇజాబ్, ఖబూల్ రెండూ భూతకాలంలో ఉండాలన్నారు. 'అమ్మాను', 'కొన్నాను'. 'అమ్ముతాను' అంటే అది వాగ్దానం కావచ్చు. 'నాకు అమ్ము' అంటే అడగడమే అవుతుంది. ఆ తరువాత అమ్మేవాడు 'అమ్మాను' అన్నా, మొదటివాడు తిరిగి 'కొన్నాను' అనేవరకు బేరం పూర్తికాదని హిదాయా చెబుతుంది. ఇది ఛాందసంగా కనబడుతుంది గాని, మన సంతలో పశువులు అమ్మే రైతును చూడండి. బేరం సాగినంతసేపు 'ఇస్తాను, ఇవ్వను' అంటాడు. తెగినప్పుడు మాత్రం పగ్గం చేతికిచ్చి 'ఇచ్చేశాను' అంటాడు. ఆ క్రియాపదంలోనే బేరం ముగిసింది. ఫుఖహాలు పట్టుకున్నది ఆ క్షణాన్నే. అయితే మాటల కంటె ఉద్దేశానికే ప్రాధాన్యమన్న సూత్రమూ వారిదే కనుక, వర్తమాన క్రియతో చెప్పినా అప్పటికప్పుడే అమ్మే ఉద్దేశం స్పష్టమైతే చెల్లుతుందన్నారు. అసలు మాటే లేకుండా డబ్బిచ్చి వస్తువు తీసుకున్నా హనఫీల దృష్టిలో అది అమ్మకమే. దానిని 'తఆతీ' అంటారు. రొట్టెలవానికి డబ్బిస్తే అతడు రొట్టె అందించడం దీనికి ఇచ్చే ఉదాహరణ. షాఫియీ మజ్‌హబ్‌లో మాట తప్పనిసరి అన్నది ప్రసిద్ధమైన అభిప్రాయం. కాని అదే మజ్‌హబ్‌కు చెందిన ఇమామ్ నవవీ, లోకం దేనిని అమ్మకంగా భావిస్తుందో అది అమ్మకమేనన్న వైపు మొగ్గారు.

ఇప్పుడు 'మజ్లిస్' అనే భావనకు వద్దాం. నా అభిప్రాయంలో ఫిఖ్హ్ ఒప్పందశాస్త్రానికి చేసిన విశిష్టమైన చేర్పు ఇదే. ఒకరు ఇజాబ్ పలికారు. రెండవవారు ఎంతసేపట్లో జవాబివ్వాలి? తక్షణమే ఇవ్వాలంటే ఆలోచించడానికి వ్యవధి ఉండదు. ఎప్పుడైనా ఇవ్వవచ్చునంటే మొదటివాడు తన సరుకును మరొకరికి అమ్మలేక కట్టుబడి ఉంటాడు. హనఫీలు రెండింటికీ నడుమ ఒక హద్దు గీశారు. ఆ కూర్చున్న కూర్పు ముగిసేవరకు జవాబుకు గడువు. జవాబు చెప్పకుండా లేచిపోతే, లేక మరొక పనిలో పడితే ఇజాబ్ పోయినట్లే. ఖబూల్ వచ్చేలోగా ఇజాబ్ పలికినవాడు దానిని వెనక్కు తీసుకోవచ్చు కూడా.

మరి కూర్చోకుండా నడుస్తూ మాట్లాడుకుంటే? సవారీపై పోతూ మాట్లాడుకుంటే? నడక సాగితే మజ్లిస్ మారుతుంది. జంతువుపై సవారీ చేసేవాడు కళ్ళెం లాగి ఆపగలడు, ఆపలేదు కనుక అతనికీ మజ్లిస్ మారుతుంది. ఓడలో ఉన్నవారికి మాత్రం మారదు. ఓడ కదలిక వారి చేతిలో లేదు, ఆపే శక్తి వారికి లేదు. హిజ్రీ 587లో (క్రీ.శ. 1191) మరణించిన అల్లామా కాసానీ వంటివారు ఇటువంటి సంగతులపై వ్రాసిన పుటలు చదివితే, వీరు ఊహలలో కూర్చుని శాస్త్రం అల్లలేదని, ప్రయాణపు వర్తకుల తగవులు వారి ముందుకు వచ్చాయని తెలిసిపోతుంది.

ఉత్తరం ద్వారా బేరం జరిగితే మజ్లిస్ ఎక్కడ? ఉత్తరం చేరి చదివిన చోటే మజ్లిస్ అన్నారు. దూరాన ఉన్నవాని ఉత్తరం అతడు ఎదుట నిలిచి పలికిన మాటతో సమానం. ఇంగ్లండులో ఇదే ప్రశ్న 1818లో ఆడమ్స్, లిండ్సెల్‌ల వ్యాజ్యంలో వచ్చింది. ఉన్ని అమ్ముతామన్న ఉత్తరం పొరపాటు చిరునామా వల్ల ఆలస్యంగా చేరింది. అంగీకారపు జాబు అందేలోగా అమ్మకందారు సరుకును మరొకరికి అమ్మివేశాడు. అంగీకారాన్ని తపాలాలో వేసినప్పుడే ఒప్పందం కుదిరిందని న్యాయస్థానం నిర్ణయించింది. 1872 నాటి చట్టపు 4వ సెక్షను దీనిని రెండుగా చీల్చింది. జాబు తపాలాలో పడగానే ప్రతిపాదించినవాడు కట్టుబడతాడు, అంగీకరించినవాడు మాత్రం అది అవతలివానికి తెలిసినప్పుడే కట్టుబడతాడు. మన విద్యార్థి ఈ సెక్షను దగ్గర తికమక పడని సంవత్సరం లేదు. ఉత్తరం చదివిన చోటే మజ్లిస్ అన్న హనఫీ సూత్రం దీనికంటె సులువని నాకు అనిపిస్తుంది.

మజ్లిస్ విషయంలో మజ్‌హబ్‌ల మధ్య పెద్ద భేదం ఒకటి ఉన్నది. కొనేవాడు, అమ్మేవాడు విడిపోయేవరకు ఇద్దరికీ మనసు మార్చుకునే హక్కు ఉన్నదని దైవప్రవక్త (స) ప్రవచనం. షాఫియీలు, హంబలీలు విడిపోవడం అంటే శరీరాలు విడిపోవడమని అర్థం చేసుకున్నారు. కనుక ఖబూల్ పలికిన తరువాత కూడా, అక్కడ నుంచి కదిలేలోపు ఎవరైనా బేరాన్ని రద్దు చేయవచ్చు. హనఫీలు, మాలికీలు దీనిని మాటలు విడిపోవడంగా, అంటే బేరపు సంభాషణ ముగియడంగా తీసుకున్నారు. వింత ఏమిటంటే, ఈ హదీసును తమ ముఅత్తాలో ఉల్లేఖించిన ఇమామ్ మాలిక్ (రహ్మ) స్వయంగా దానిని ఆచరణలోకి తీసుకోలేదు. ఇటువంటి విడిపోవడానికి మదీనా ఆచరణలో నిశ్చితమైన హద్దు ఏదీ లేదన్నది ఆయన వాదం. ఇమామ్ షాఫియీ (రహ్మ) దీనిపై తన గురువుతో గట్టిగా విభేదించారు.

బేరం తెగిన తరువాత సరుకులో లోపం బయటపడితే ఏమిటి? పాత ఇంగ్లీషు న్యాయం కొనేవాడే జాగ్రత్త పడాలని చెప్పింది, అమ్మేవాడు ప్రత్యేకంగా హామీ ఇస్తే తప్ప. ఫిఖ్హ్‌లో దీనికి ఎదురు. లోపంలేని సరుకు అన్న షరతు పలకకపోయినా బేరంలో ఉన్నట్లే. లోపం కనబడితే కొన్నవాడు ఉన్నధరకు ఉంచుకోవచ్చు, లేదా తిప్పి ఇవ్వవచ్చు. దీనిని 'ఖియారుల్ ఐబ్' అంటారు. చూడకుండా కొన్నవానికి చూసిన తరువాత తిప్పి ఇచ్చే 'ఖియారుర్ రూయా' హనఫీలలో ఉన్నది. ఇవి కాక బేరంలో మాట్లాడుకుని పెట్టుకునే గడువు 'ఖియారుష్ షర్త్'. బేరాలలో తరచు మోసపోతుండిన ఒక సహాబీకి, మోసం ఉండకూడదని చెప్పి కొనమనీ మూడు రోజుల గడువు పెట్టుకోమనీ దైవప్రవక్త (స) ఉపదేశించారన్న హదీసు దీనికి మూలం. అందుకే ఇమామ్ అబూ హనీఫా మూడు రోజులకు మించనివ్వలేదు. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ షైబానీలు గడువు నిశ్చితంగా చెప్పుకుంటే ఎక్కువైనా ఫరవాలేదన్నారు.

ఇక ప్రతిఫలం. ఇంగ్లీషు కాంట్రాక్టుకు ఇది ప్రాణం. 1872 నాటి చట్టపు 25వ సెక్షను ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదు. ఫిఖ్హ్‌లో అలాంటి సార్వత్రిక నియమం లేదు. అక్కడ అఖ్దులు వేరువేరు జాతులు. అమ్మకానికి, కిరాయికి బదులు కావాలి. హిబాకు, అంటే దానానికి, అక్కరలేదు. కాని హిబాలో వస్తువు అందుకున్నవాని చేతికి వెళ్ళేవరకు పని పూర్తికాదు. ఒట్టి వాగ్దానం నిలబెట్టుకోవడం నైతిక ధర్మమే గాని ఖాజీ బలవంతంగా ఇప్పించలేడని ఫుఖహాలలో ఎక్కువమంది అభిప్రాయం.

ఈ భేదం పుస్తకాలలోదేనా, నిజజీవితంలో కనబడుతుందా? విద్యార్థులందరూ చదివే రెండు తీర్పులు తీసుకుందాం. 1886లో కలకత్తా హైకోర్టు తీర్పు కేదార్‌నాథ్, గోరీ మహమ్మద్‌ల వ్యాజ్యం. హౌరాలో టౌనుహాలు కట్టడానికి చందాలు పోగుచేశారు. గోరీ మహమ్మద్ వంద రూపాయలకు చందా పట్టీలో సంతకం చేశాడు. ఆ చందాల నమ్మకంతో నిర్వాహకులు గుత్తేదారుకు పని అప్పగించారు. తరువాత ఇతడు ఇవ్వనన్నాడు. ఇవ్వవలసిందేనని తీర్పు. రెండవది 1914లో అలహాబాదు హైకోర్టు తీర్పు అబ్దుల్ అజీజ్, మాసూమ్ అలీల వ్యాజ్యం. ఒక మసీదు పునరుద్ధరణకు ఐదు వందల రూపాయలు ఇస్తానన్న మాట అది. ఆ మాటను నమ్మి పని ఏదీ మొదలుకాలేదు. కనుక ప్రతిఫలం లేదు, దావా చెల్లదు.

ఈ రెండు తీర్పులకు కారణం ఇంగ్లీషు ప్రతిఫల సిద్ధాంతమని విద్యార్థి వ్రాసుకుంటాడు, మార్కులు వస్తాయి. కాని వీటికి వెయ్యేళ్ళ ముందు, హిజ్రీ 240లో (క్రీ.శ. 854) మరణించిన మాలికీ పండితుడు సహ్‌నూన్ ఇదే గీతను గీశారు. ఒకడు మరొకనితో నీ పాత ఇల్లు పడగొట్టు, తిరిగి కట్టుకోవడానికి నేను అప్పిస్తానన్నాడు. అవతలివాడు ఆ మాట నమ్మి ఇల్లు పడగొట్టాడు. ఇప్పుడు మాట ఇచ్చినవాడు తప్పించుకోలేడు. ఊరికే ఇస్తానన్న మాట మాత్రం సత్ప్రవర్తన కిందికి వస్తుందే గాని న్యాయస్థానానికి రాదు. హిజ్రీ 684లో మరణించిన ఖరాఫీ తన 'అల్ ఫురూఖ్'లో ఈ అభిప్రాయాలన్నీ పక్కపక్కన పెట్టి చర్చించారు. హౌరా టౌనుహాలును సహ్‌నూన్ చెప్పిన ఇంటి పక్కన నిలబెట్టి చూడండి. మసీదు చందా దావాలో హనఫీ ఖాజీ అయినా వాదికి డబ్బు ఇప్పించేవాడు కాదు, కారణం మాత్రం వేరు. దానం చేతికి చేరలేదు కనుక పూర్తికాలేదని అనేవాడు. ప్రతిఫలం అనే ఇంగ్లీషు మార్గం ఒక్కటే ఈ గమ్యానికి దారి కాదని తెలుసుకున్న విద్యార్థి రెండు తీర్పులనూ మరింత బాగా అర్థం చేసుకుంటాడు.

చెల్లని ఒప్పందాలలో హనఫీలు చేసిన విభజన ఒకటి క్లుప్తంగా చెప్పాలి. మూలంలోనే లోపం ఉంటే 'బాతిల్', స్వతంత్రుడైన మనిషిని అమ్మినట్లు. మూలం సక్రమమై, గడువు తెలియకపోవడం వంటి లక్షణంలో లోపం ఉంటే 'ఫాసిద్'. బాతిల్‌కు ఏ ఫలితమూ లేదు. ఫాసిద్‌ను రద్దు చేసుకోవడం ఇరువురి విధి, కాని అమ్మేవాని అనుమతితో సరుకు చేతికి వస్తే స్వామ్యం మారుతుంది. తక్కిన మజ్‌హబ్‌లు క్రయవిక్రయాలలో ఈ రెంటినీ ఒకటిగానే చూస్తాయి.

మైనరు ఒప్పందం దగ్గర ఈ సూక్ష్మదృష్టికి విలువ తెలుస్తుంది. హనఫీల ప్రకారం మంచిచెడ్డలు తెలిసే వయసు వచ్చిన బాలుని వ్యవహారాలు మూడు రకాలు. పూర్తిగా లాభమైనవి, దానం పుచ్చుకోవడం వంటివి, సంరక్షకుని అనుమతి లేకుండానే చెల్లుతాయి. పూర్తిగా నష్టమైనవి, తన సొత్తు దానం చేయడం వంటివి, అనుమతి ఉన్నా చెల్లవు. లాభనష్టాలు రెండింటికీ అవకాశమున్న క్రయవిక్రయాలు సంరక్షకుని అనుమతి కోసం ఆగి ఉంటాయి. షాఫియీలు మాత్రం మైనరు చేసిన అమ్మకం అసలే కుదరదన్నారు. 1903లో మొహరీ బీబీ, ధర్మదాస్ ఘోష్‌ల వ్యాజ్యం ప్రీవీ కౌన్సిలుకు వెళ్ళింది. మైనరుగా ఉన్న ధర్మదాస్ 1895లో వడ్డీ వ్యాపారికి ఇరవై వేల రూపాయలకు తనఖా వ్రాసిచ్చాడు. అప్పటివరకు మన హైకోర్టులు ఇటువంటి ఒప్పందం మైనరు కోరితే రద్దయ్యేదా, మొదటినుంచే చెల్లనిదా అన్న విషయంలో తలొక దారి పట్టాయి. మొదటినుంచే చెల్లదని ప్రీవీ కౌన్సిలు తేల్చింది. ఇచ్చిన సొమ్ము తిరిగి ఇప్పించడానికి కూడా నిరాకరించింది. లండనులోని ప్రభువులు ఆ విధంగా తెలియకుండానే షాఫియీల పక్షం చేరారు! మైనరును కాపాడడం మంచిదే. కాని అతనికి లాభించే ఒప్పందం కూడా ఆ తీర్పు కిందికి వస్తుందేమోనన్న చిక్కును విడదీయడానికి తరువాతి న్యాయస్థానాలు ఎంతో శ్రమపడవలసి వచ్చింది. హనఫీల మూడు గదుల పెట్టె దగ్గర ఉండి ఉంటే ఆ శ్రమ చాలావరకు తప్పేది.

అది దగ్గర ఎందుకు లేకపోయింది? 1772లో వారన్ హేస్టింగ్స్ బెంగాలు జిల్లా న్యాయస్థానాలకు వేసిన పథకంలో ముస్లిం ధర్మశాస్త్రం వారసత్వం, వివాహం, మతాచారాల వంటి వాటికే పరిమితమైంది. ఒప్పందాలు ఆ జాబితాలో లేవు. అక్కడ క్రమంగా 'న్యాయం, సమత, సదంతఃకరణ' అనే సూత్రం పేరుతో ఇంగ్లీషు న్యాయం ప్రవేశించింది. ప్రెసిడెన్సీ నగరాలలో 1781 చట్టం వల్ల ఒప్పందాలూ కలిశాయి గాని, ఇంగ్లీషు న్యాయమూర్తికి అరబ్బీ రాదు. 1791లో చార్లెస్ హామిల్టన్ హిదాయాను నాలుగు సంపుటాలలో ఇంగ్లీషు చేశాడు. అది నేరుగా అరబ్బీ నుంచి కాదు, ఫార్సీ అనువాదం నుంచి. 1850లో నీల్ బెయిలీ, ఫతావా ఆలంగీరీ నుంచి క్రయవిక్రయాల ప్రకరణాన్ని ప్రత్యేకంగా తీసి ఇంగ్లీషులో ప్రచురించాడు. ఆ పుస్తకం వెలువడిన ఇరవై రెండేళ్ళకే దాని పని తీరిపోయింది. 1870లో మదరాసు హైకోర్టు, పొరుగువానికి ముందుగా కొనే హక్కునిచ్చే 'షుఫా' కూడా ఈ ప్రెసిడెన్సీలో వర్తించదని చెప్పింది. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ ఆ ప్రెసిడెన్సీలోనివే.

సరిగ్గా ఇదే కాలంలో ఇస్తాంబూలులో మరొక పని జరుగుతుండేది. అహ్మద్ జౌదత్ పాషా నాయకత్వాన పండితుల సంఘం 1869 నుంచి 1876 వరకు హనఫీ ఫిఖ్హ్‌ను 'మజల్లా' అనే స్మృతిగా సెక్షన్లవారీగా కూర్చింది. పదహారు ప్రకరణాలు, 1851 నిబంధనలు. మొదటి ప్రకరణం క్రయవిక్రయాలదే. రొట్టెలవాని ఉదాహరణా, షరతుతో ఇచ్చిన వాగ్దానం కట్టుబడి తెస్తుందన్న సూత్రమూ అందులో ఉన్నాయి. ఒకే దశాబ్దంలో రెండు స్మృతులు పుట్టాయి. హనఫీలు అత్యధికంగా ఉన్న హిందూదేశానికి ఇంగ్లీషుది వచ్చింది. మజల్లా బాగ్దాదు, దమాస్కస్, జెరూసలేం నగరాలను పాలించింది. టర్కీ దానిని 1926లో వదులుకున్నది. ఇరాకు, జోర్డానులలో ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలం తరువాత కొత్త పౌరస్మృతులు వచ్చినా వాటిలో ఎన్నో సూత్రాలు మజల్లా నుంచి దిగినవే.

1872 చట్టం వల్ల మేలు జరగలేదని కాదు. హిందువు, ముస్లిం, పార్శీ ఒకే బజారులో ఒకే నిబంధనల కింద వర్తకం చేయడం చిన్న సౌకర్యం కాదు. ప్రతివాది మతాన్ని బట్టి ధర్మం మారే పద్ధతి వ్యాపారానికి అనుకూలమైనదని ఎవరూ అనలేరు. నష్టం మరొకచోట జరిగింది. 1937 నాటి షరీఅత్ చట్టపు జాబితా చూడండి: వారసత్వం, వివాహం, విడాకులు, మహర్, సంరక్షకత్వం, హిబా, వక్ఫ్. ఒప్పందం అందులో లేదు, అప్పటికి అడిగేవారూ లేరు. మదరసాలో 'కితాబుల్ బుయూ' చదివిన విద్యార్థికి కాంట్రాక్టు చట్టం తెలియదు. న్యాయ కళాశాలలో చదివినవానికి హిదాయాలో అమ్మకం గురించిన ప్రకరణం ఉన్నదనే తెలియదు. హైదరాబాదు సంస్థానానికి భారత కాంట్రాక్టు చట్టం 1951లో, 'బి' భాగపు రాష్ట్రాల చట్టాల ద్వారా విస్తరించింది. నగరంలోని నికాహ్ సభలలో ఖాజీలు ఇజాబ్ చెప్పి, ఖబూల్ అడుగుతూనే ఉన్నారు.